పల్లెటూరి గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మేముండేది ఐర్లాండ్ పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో అండి. ఒక చర్చి, ఒక బడి, రెండు పబ్బులు, ఒక కిరాణా కొట్టు, ఊరు దాటగానే ఫుట్‌బాల్ గ్రౌండు, అంతే. నేను పక్క టౌన్‌లో నర్సుగా చేస్తా, మా బాబు ఊరి క్లబ్‌లో అండర్-10 ఆడతాడు, శనివారం పొద్దున్నే వాడిని దింపి వానలో గొడుగేసుకుని నిలబడి నిలబడి పక్కనున్న పెద్దవాళ్ళతో మాటలు కలిశాయి. క్లబ్ వాళ్ళు పాత సంగతులన్నీ ఒక పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు స్కానింగ్, టైపింగ్ చేసిపెట్టే మనిషి కావాలన్నారు, నేను సరేనన్నా. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఏది ముందు చెయ్యాలో ఏది తర్వాత చెయ్యాలో తెలియక చాలా తిప్పలు పడ్డాం, అవి మీరు పడకూడదని ఇది రాస్తున్నా. ఇక్కడ మన తెలుగువాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ క్లబ్బుల్లో ఆడుతున్నారు కదా, ఎవరో ఒకరికి ఈ పని తగులుతుంది.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట. జట్టుకి 15 మంది, బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పట్టుకుని నాలుగడుగులు వేశాక నేలకేసి కొట్టాలి లేదా కాలి బొటనవేలి మీదుగా తన్ని మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవాలి. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి, అడ్డకర్ర కింద నుంచి వలలోకి పోతే గోల్, పైనుంచి పోతే పాయింట్. ఎవరికీ జీతం ఉండదు. ప్యారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ళు, మామూలుగా ఏ ప్యారిష్‌లో పుడితే ఆ ప్యారిష్‌కే జీవితాంతం ఆడతారు, దీన్ని నడిపే సంస్థ పేరు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అంటారు, 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీ థర్లెస్‌లో హేయిస్ హోటల్లో మైకేల్ క్యూసాక్, మారిస్ డావిన్ వాళ్ళు కలిసి పెట్టారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది.

ఇక పని సంగతి.

చాలా క్లబ్బులు పుస్తకం అనగానే కప్పులతో మొదలుపెడతాయి. ఫలానా ఏడాది కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచాం, ఇదిగో ఫొటో, ఇదిగో జట్టు, మళ్ళీ ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకొకటి గెలిచాం. మేమూ అలాగే మొదలుపెట్టాం. అలా చెయ్యకండి. ముందు ఒక పెద్ద రూళ్ళ పుస్తకం తీసుకోండి, 1885 నుంచి ఈ ఏడాది దాకా ఏడాదికో పేజీ, పైన ఏడాది అంకె మాత్రం వేసి మిగతాది ఖాళీగా ఉంచండి. దొరికిన ప్రతి ముక్కా, ఎంత చిన్నదైనా, ఆ ఏడాది పేజీలో ఎక్కడ దొరికిందో కూడా కలిపి రాయండి. ఆర్నెల్ల తర్వాత పుస్తకం తిరగేస్తే కొన్ని పేజీలు నిండుగా, కొన్ని పేజీలు వరసగా నాలుగైదు తెల్లగా కనిపిస్తాయి. ఆ తెల్ల పేజీల దగ్గరే ఊరి అసలు కథ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతా. టీమ్ ఎందుకు లేదు, కుర్రాళ్ళంతా ఎక్కడికి పోయారు, ఎవరితో ఎవరికి చెడింది. గెలిచిన ఏడాది గురించి ఊళ్ళో అందరికీ తెలుసు, పుస్తకం అక్కర్లేదు.

కాయితాల కన్నా ముందు మనుషులు

పేపర్లు లైబ్రరీలో ఉంటాయి, వచ్చే ఏడాది కూడా ఉంటాయి. 88 ఏళ్ళ పెద్దాయన ఉంటాడో లేదో తెలీదు. అందుకే మొదటి నెల అంతా మనుషుల దగ్గరికే వెళ్ళండి. చేతులూపుకుంటూ వెళ్ళొద్దు, ఒక పాత టీమ్ ఫొటో పెద్దగా ప్రింట్ తీయించి తీసుకెళ్ళండి. "మీ రోజుల్లో క్లబ్ ఎలా ఉండేదండీ" అని అడిగితే "బానే ఉండేది" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఫొటో ముందు పెట్టి "ఈ చివరనున్న అబ్బాయి ఎవరు" అంటే గంటసేపు ఆపరు. ఇంకా అడగాల్సినవి ఏంటంటే, మ్యాచ్‌కి ఎలా వెళ్ళేవారు, సైకిలా, లారీ వెనకా, బూట్లు ఎవరివి, జెర్సీలు ఎవరింట్లో ఉతికేవారు, ఓడిపోయి వచ్చిన రాత్రి ఎక్కడ కూర్చునేవారు, అప్పుడు గ్రౌండు ఎవరి పొలంలో ఉండేది.

బాగా పెద్దవాళ్ళుంటే 1947 ఫైనల్ గురించి అడగండి. ఆ ఏడాది సెప్టెంబర్ 14న ఆల్ ఐర్లాండ్ ఫైనల్, అంటే కౌంటీ జట్ల దేశవ్యాప్త ఛాంపియన్‌షిప్ ఫైనల్, న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్‌లో జరిగింది, ఈ ఫైనల్ ఐర్లాండ్ బయట జరగడం ఆ ఒక్కసారే, కవన్ జట్టు 2-11, కెర్రీ 2-7, ముందు అంకె గోల్స్, తర్వాతది పాయింట్లు. మైకేల్ ఓ'హెహిర్ రేడియోలో కామెంటరీ చెప్తుంటే రేడియో ఉన్న ఇంటి కిటికీ దగ్గర ఊరంతా మూగేది, లైన్ టైమ్ అయిపోతోందని ఆయన గాల్లోనే ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండి అని బతిమాలుకున్నాడు. ఊళ్ళో ఎవరింటి రేడియో అని అడగండి, ఆ ఒక్క ప్రశ్నతో ఊళ్ళో ఎవరికి ఉంది ఎవరికి లేదు అన్నీ బయటికొస్తాయి.

ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి, కానీ ముందు అడిగి చెయ్యండి, రికార్డింగ్ అదే రోజు ఇంకో చోట కాపీ పెట్టండి. ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్ళండి, మొదటిసారి వెళ్ళొచ్చాక రాత్రంతా వాళ్ళకి గుర్తొస్తూనే ఉంటాయి, రెండోసారికి అసలు సంగతులు దొరుకుతాయి. నాలాగా ఆస్పత్రిలోనో వృద్ధుల కేర్ హోమ్‌లోనో పనిచేసేవాళ్ళకి ఒక మాట, డ్యూటీలో విన్నది డ్యూటీలోనే వదిలెయ్యండి. పేషెంట్ చెప్పిన కథ ఎంత బాగున్నా సరే, కావాలంటే వాళ్ళ ఇంటివాళ్ళ ద్వారా విడిగా అడిగి, మామూలు బట్టల్లో, సెలవు రోజున వెళ్ళండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఇక్కడి పల్లెల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఒకే తరంలో ముగ్గురు నలుగురు ఉంటారు, అందుకే తండ్రి పేరో తాత పేరో కలిపి లేదా ఇంటికో ముద్దుపేరు పెట్టి పిలుచుకుంటారు, మన ఊళ్ళల్లో కొట్టు సుబ్బయ్య, మేడ సుబ్బయ్య అన్నట్టే. పైగా జీఏఏ రికార్డుల్లో చాలా చోట్ల పేర్లు ఐరిష్‌లో రాస్తారు, ఓ'సల్లివన్ కాస్తా ఓ సూలవాన్ అవుతాడు, ఇద్దరూ ఒకరేనని తెలియకపోతే లేని ప్లేయర్ ఒకడు మీ పుస్తకంలో పుట్టుకొస్తాడు. ప్రతి మనిషికీ ఒక కార్డు రాసుకోండి, పేరు, ఐరిష్ పేరు, ఊళ్ళో పిలిచే పేరు, టౌన్‌ల్యాండ్. టౌన్‌ల్యాండ్ అంటే ప్యారిష్‌లోపల ఉండే చిన్న చిన్న నేల విభాగం, మన శివారు గ్రామం లాంటిది అనుకోండి, ఇద్దరిని విడదీసేది చివరికి అదే.

ఇంకో తికమక ప్యారిష్ తోనే వస్తుంది. పాత గవర్నమెంట్ రికార్డుల్లో ఉండేది సివిల్ ప్యారిష్, క్లబ్ నడిచేది కాథలిక్ ప్యారిష్ మీద, రెండింటి హద్దులు చాలా చోట్ల కలవవు. మొదటి వారమే మ్యాప్ మీద రెండు రంగుల్లో రెండు హద్దులూ గీసుకోండి, లేకపోతే పక్క క్లబ్ వాళ్ళ తాతల్ని మీ పుస్తకంలో ఎక్కించేస్తారు, అది చిన్న గొడవ కాదు.

పుట్టిన ఏడాది

గేటు మీద రాసిన ఏడాదిని నమ్మి మొదలుపెట్టొద్దు. జీఏఏ పెట్టాక రెండు మూడేళ్ళలోనే ఊరూరా క్లబ్బులు లేచాయి, చాలావరకు అంతే త్వరగా పడిపోయాయి, మళ్ళీ ఇంకో పేరుతో లేచాయి. అందుకే మీరు వెతకాల్సింది ఒక పుట్టినరోజు కాదు, ఎన్నిసార్లు పుట్టింది అని. పాత పేరు కూడా మీకు ఆధారమే. ఎమ్మెట్స్, ఓ'కానెల్స్, సార్స్‌ఫీల్డ్స్, కికమ్స్, డేవిట్స్ ఇవన్నీ పాత తరం నాయకుల పేర్లు, పియర్సెస్ అని ఉంటే బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు తర్వాత పెట్టిన పేరని దాదాపు ధైర్యంగా అనుకోవచ్చు, ఎందుకంటే ఆ తిరుగుబాటు నాయకుడు ప్యాట్రిక్ పియర్స్ పేరు ఊరూరా మోగింది ఆ తర్వాతే. పేరు మారిన చోట ఏదో ఒకటి జరిగే ఉంటుంది, కొత్త కమిటీ వచ్చి ఉంటుంది, లేదా రెండు ఊళ్ళు కలిసి ఉంటాయి.

పేపర్ల కోసం కౌంటీ లైబ్రరీకి వెళ్ళండి, లోకల్ స్టడీస్ సెక్షన్ అని ఉంటుంది, మైక్రోఫిల్మ్ ఉంటుంది, కొన్ని లైబ్రరీల్లో ఐరిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్స్ ఫ్రీగా చూడనిస్తారు. గాల్వే వైపు వాళ్ళకి ట్యూమ్ హెరాల్డ్, కవన్ వైపు ఆంగ్లో-కెల్ట్, మాయోకి వెస్టర్న్ పీపుల్, కెర్రీకి కెర్రీమన్, ఇలా ప్రతి కౌంటీకీ ఒకటి రెండు ఉన్నాయి. కంప్యూటర్‌లో క్లబ్ పేరు కొట్టి ఏమీ రాలేదని వదిలెయ్యకండి, పాత అచ్చుని మెషీన్ తప్పుగా చదువుతుంది. ఎదుటి ఊరి పేరు కొట్టండి, టౌన్‌ల్యాండ్ పేరు కొట్టండి. మ్యాచ్‌లు ఆదివారం జరిగేవి, వారపత్రిక ఆ వారం చివర్లో వచ్చేది, కాబట్టి ఆ తర్వాతి రెండు సంచికలు పేజీ పేజీ కళ్ళతోనే చూడాలి. గెలిచిన కౌంటీ పేపరూ ఓడిన కౌంటీ పేపరూ రెండూ చూడండి, ఒకే మ్యాచ్ రెండు మ్యాచ్‌ల్లా ఉంటుంది.

పేపర్లో మ్యాచ్ రిపోర్ట్ కన్నా గొడవలకే ఎక్కువ చోటు దొరికేది. మా మీద ఆడినవాడు మీ ప్యారిష్ వాడు కాదు అని ఒకరు అబ్జెక్షన్ పెడతారు, కౌంటీ బోర్డు మీటింగ్‌లో వాదిస్తారు, అబ్జెక్షన్ ఐర్లాండ్‌లో తయారైన కాయితం మీద రాయలేదని కొట్టేసేవాళ్ళు కూడా, అప్పట్లో అలాంటి రూల్ ఉండేది. ఈ గొడవలు వదలకండి, పిల్లాడు ఎక్కడ పుట్టాడు, ఎవరింట్లో పనికున్నాడు, ఎప్పుడు ఊరు మారాడు అన్నీ ఆ వాదనల్లోనే బయటపడతాయి.

స్కోర్లు చదవడం

ఇక్కడ మేం పెద్ద తప్పు చేశాం, అచ్చుకి వెళ్ళే ముందు పట్టుకున్నాం. ఇప్పుడు గోల్ అంటే 3 పాయింట్లు, 1-4 అంటే ఏడు. కానీ 1892కి ముందు గోల్‌కి పాయింట్లతో లెక్కే లేదు, ఒక్క గోల్ ఎన్ని పాయింట్లనైనా మించేది. 1892లో గోల్ 5 పాయింట్లన్నారు, 1896లో 3 చేశారు. కాబట్టి ఒకరికి 1-0, ఇంకొకరికి 0-5 అని పేపర్లో ఉంటే, 1890లో అయితే మొదటివాళ్ళు గెలిచినట్టు, 1893లో అయితే డ్రా, 1900లో అయితే రెండోవాళ్ళు గెలిచినట్టు. 1894 ఆల్ ఐర్లాండ్ ఫైనల్లో డబ్లిన్ 0-6, కార్క్ 1-1, ఈ లెక్క తెలియకపోతే అది డ్రా ఎలా అయిందో అర్థం కాదు. మేమైతే మా ఊరు ఓడిపోయిన మ్యాచ్‌ని గెలిచినట్టు రాసుకున్నాం. 2025 నుంచి 40 మీటర్ల గీత బయట నుంచి కొడితే రెండు పాయింట్లు ఇస్తున్నారు, అది కూడా పుస్తకంలో ఒక ముక్క రాసిపెట్టండి, యాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఇదే తికమక పడతారు.

ఛాంపియన్‌షిప్ ఏడాది, ఆడిన ఏడాది వేరు వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. మొదటి ఆల్ ఐర్లాండ్ ఫైనల్ 1887 సంవత్సరానిది, ఆడింది 1888 ఏప్రిల్‌లో, లిమరిక్ కమర్షియల్స్ గెలిచారు డండాక్ యంగ్ ఐర్లాండ్స్ మీద. అప్పట్లో కౌంటీ తరఫున కౌంటీ ఛాంపియన్ క్లబ్బే వెళ్ళేది, కిల్లార్గ్లిన్ ఊరి లాన్ రేంజర్స్ అలాగే 1892కి కెర్రీ తరఫున ఫైనల్ దాకా పోయారు. మీ రూళ్ళ పుస్తకంలో రెండు ఏళ్ళూ రాయండి.

ఫొటో మీద తారీఖు లేకపోతే తలలు లెక్కపెట్టండి. 1892 దాకా జట్టుకి 21 మంది, తర్వాత 17, 1913 నుంచి 15. వెనకాల గోల్ స్తంభాలు కనిపిస్తే ఇంకా మంచిది, అసలు గోల్‌కి రెండు పక్కలా విడిగా పాయింట్ స్తంభాలుంటే 1910కి ముందుది, హెచ్ ఆకారం ఆ ఏడాది వచ్చింది. సబ్‌లు, కమిటీ వాళ్ళు, మధ్యలో దూరిన పిల్లలు ఉంటారు కాబట్టి తలల లెక్క ఒక్కటే నమ్మకుండా రెండూ కలిపి చూడండి.

జట్టుని ఇళ్ళల్లోకి తీసుకెళ్ళడం

నాకు ఈ పనంతటిలో బాగా ఇష్టమైనది ఇది. 1908, 1909 ప్రాంతంలో పేపర్లో టీమ్ లిస్ట్ దొరికిందనుకోండి, దాన్ని 1911 సెన్సస్‌తో కలిపి చదవండి. 1901, 1911 సెన్సస్ ఫారాలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో పూర్తిగా ఫ్రీ, ఇంటింటి ఫారం, ఇంటిపెద్ద సంతకంతో సహా స్కాన్ కనిపిస్తుంది. అంతకుముందు దశాబ్దాల ఫారాలు చాలావరకు నాశనమైపోయాయి, 1921లో యుద్ధం వల్ల సెన్సస్ తీయనే లేదు. మా ఊరి పాత జట్టుని ఇలా ఒక్కొక్కరినీ పట్టుకుంటూ పోతే రైతు కొడుకులు, కూలీలు, ఒక కమ్మరి, ఒక బడి పంతులు, ఒక షాపులో పనిచేసే కుర్రాడు, ఎవరింట్లో ఎన్ని గదులు, ఎవరికి ఐరిష్ మాట్లాడటం వచ్చు, ఎవరు చదవలేరు అన్నీ తెలిశాయి. పదిహేను పేర్లు కాస్తా పదిహేను ఇళ్ళు అయ్యాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, రోజూ నేను కారులో దాటిపోయే గోడలు కూలిన ఇల్లొకటి ఆ జట్టు గోల్‌కీపర్ వాళ్ళదని తెలిసింది.

దూకస్ అనే ఐరిష్ జానపద సంగతుల సైట్‌లో స్కూల్స్ కలెక్షన్ కూడా చూడండి. 1937 నుంచి 1939 దాకా దక్షిణాది 26 కౌంటీల్లో బడి పిల్లల చేత ఇంట్లో అమ్మమ్మల్ని తాతల్ని అడిగించి ఊరి సంగతులు రాయించారు, పిల్లల చేతిరాతలోనే ఉన్నాయి. మీ ఊరి బడి పేరు వెతికితే జీఏఏ పుట్టకముందు పొలాల్లో ఊరికీ ఊరికీ మధ్య ఆడిన పాత ఆటల గురించి కూడా ఒకోసారి దొరుకుతుంది.

తెల్ల పేజీలు

ఇప్పుడు మళ్ళీ ఆ రూళ్ళ పుస్తకం తెరవండి. మొదటి ఖాళీ చాలా క్లబ్బులకి 1890ల మొదట్లో వస్తుంది. 1890 చివర్లో ఐరిష్ స్వపరిపాలన ఉద్యమ నాయకుడు పార్నెల్ పార్టీ రెండుగా చీలింది, జీఏఏలో చాలామంది పార్నెల్ వైపు నిలబడ్డారు, 1891 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు శవయాత్రలో హర్లింగ్ అనే ఇంకో ఐరిష్ ఆట ఆడే హర్లీ కర్రలు పట్టుకుని నడిచారు, చాలా ఊళ్ళల్లో ఫాదర్లు అవతలి వైపు. ఊళ్ళో ఫాదర్‌కి ఎదురెళ్ళి క్లబ్ నడపడం ఎంత కష్టమో ఆలోచించండి. అప్పటి పోలీసులు జీఏఏ మీద నిఘా పెట్టి రిపోర్టులు రాసేవాళ్ళు, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, క్లబ్ వాళ్ళు పారేసిన కాయితాలు పోలీసులు దాచిపెట్టారన్నమాట.

రెండో ఖాళీ 1919 నుంచి 1923, బ్రిటిష్ వాళ్ళ మీద స్వాతంత్ర్య యుద్ధం, ఆ వెంటనే అంతర్యుద్ధం. దానికి ముందు 1918 ఆగస్టు 4 ఒక్క తారీఖు తప్పకుండా చూడండి. పర్మిట్ లేకుండా ఆటలు ఆడకూడదని బ్రిటిష్ వాళ్ళు ఆర్డరేస్తే, పర్మిట్ అడిగేది లేదని ఆ ఆదివారం దేశమంతా ఒకే టైమ్‌కి ఊరూరా మ్యాచ్‌లు పెట్టారు, గేలిక్ సండే అంటారు, ఆ మర్నాటి వారం లోకల్ పేపర్లో మీ ఊరి పేరు ఉండే ఛాన్స్ బాగా ఎక్కువ. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లోని జీఏఏ పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మంది ప్రాణాలు తీశాయి, ఆడుతున్నవాళ్ళలో చనిపోయింది మైకేల్ హోగన్ ఒక్కడే, దక్షిణ టిప్పరరీలో గ్రేంజ్‌మాక్లర్ అనే చిన్న పల్లె నుంచి వచ్చినవాడు. ఈరోజు క్రోక్ పార్క్‌లో కప్పు అందుకునేది ఆయన పేరున్న స్టాండ్‌లోనే. ఒక పల్లె క్లబ్ చరిత్ర దేశం చరిత్రని ఎక్కడ తాకుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు. మీ ఊరి సంగతులకి బ్యూరో ఆఫ్ మిలిటరీ హిస్టరీ సైట్ చూడండి, 1947 నుంచి 1957 మధ్య ఆనాటి వాళ్ళు స్వయంగా చెప్పిన 1,773 వాంగ్మూలాలు ఉన్నాయి, 2003 దాకా తెరవలేదు, ఇప్పుడు ఫ్రీ. ప్యారిష్ పేరు కొట్టి వెతకండి.

1922, 23 అంతర్యుద్ధం దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిగా అడుగెయ్యండి. ఒకే జట్టులో ఆడినవాళ్ళు, ఒక్కోచోట అన్నదమ్ములు, రెండు వైపులా నిలబడ్డారు, వాళ్ళ మనవలు ఇప్పుడు మీ పక్క బెంచీలో కూర్చుంటారు. కెర్రీలో అయితే కొత్త ప్రభుత్వం తరఫు ఫ్రీ స్టేట్ ఆర్మీ ఆఫీసర్ కాన్ బ్రాస్నన్, ఎదుటి పక్షం నాయకుడు జాన్ జో షీహీ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాదే 1924లో ఒకే కౌంటీ జెర్సీ వేసుకుని ఆడారు. మీ ఊళ్ళో కథ అలా ముగిసి ఉండకపోవచ్చు. రాసేముందు ఆ రెండు కుటుంబాలకీ ఆ పేజీలు చూపించండి, కాయితం మీద ఆధారం లేని నింద ఒక్కటి కూడా రాయొద్దు.

ఇంకోరకం ఖాళీ మనిషికి వస్తుంది, మంచి ప్లేయర్ ఉన్నట్టుండి రెండేళ్ళు లిస్టులో కనపడడు. బ్యాన్ అయి ఉంటాడు. జీఏఏ మెంబర్ సాకర్, రగ్బీ, హాకీ, క్రికెట్ ఆడినా, చూడ్డానికి వెళ్ళినా 1971 దాకా సస్పెన్షనే. 1938లో సాక్షాత్తూ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ సాకర్ ఇంటర్నేషనల్ చూడ్డానికి వెళ్ళాడని జీఏఏ ప్యాట్రన్ల లిస్టులోంచి తీసేశారు, ఇక ఊరి కుర్రాడి సంగతి చెప్పాలా. కౌంటీ బోర్డు మినిట్స్ బుక్కుల్లో ఇవి దొరుకుతాయి.

ఇక 1950లు. మా ఊరి పుస్తకంలో వరసగా ఆరు తెల్ల పేజీలు అక్కడే వచ్చాయి. ఆ దశాబ్దంలో ఐర్లాండ్ నుంచి నాలుగు లక్షల మందికి పైగా వెళ్ళిపోయారు, 1961కి జనాభా 28 లక్షలకి పడిపోయింది. పదిహేను మంది కుర్రాళ్ళు దొరక్క పక్క ప్యారిష్‌తో కలిసి ఆడారు, అదీ కుదరక ఆపేశారు. ఈ పేజీలు నింపాలంటే ఊళ్ళో వెతికితే లాభం లేదు, లండన్, బర్మింగ్‌హామ్, బోస్టన్, న్యూయార్క్ లోని జీఏఏ క్లబ్బులకి, అక్కడున్న ఊరివాళ్ళ పిల్లలకి రాయాలి. మీ ఊరి సెంటర్‌ఫీల్డ్ ప్లేయర్ బ్రాంక్స్‌లోని గేలిక్ పార్క్‌లో ఇంకో జెర్సీలో ఆడుతూ ఉంటాడు. ఊరు వదిలి బతుకుతెరువు కోసం వచ్చినదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు రాసే పని నేనే అడిగి తీసుకున్నా. జవాబులు ఆలస్యంగా వస్తాయి, వచ్చినప్పుడు మాత్రం కవర్ నిండా ఫొటోలుంటాయి.

గ్రౌండు, ఆడవాళ్ళు

గ్రౌండు చరిత్ర విడిగా రాయండి. క్లబ్బుకి సొంత నేల రాకముందు ఏ రైతు పొలంలో ఆడారో, కోతలయ్యాక ఇచ్చేవాడా, ఏడాదంతానా, ఎప్పుడు కొన్నారు, చర్చి గేటు దగ్గర డబ్బాలు పట్టుకుని, లోట్టో టికెట్లు అమ్మి ఎలా కట్టారు. పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ల్యాండ్ రిజిస్ట్రీలో ఫోలియో, అంటే ఆ నేల రికార్డు, తీస్తే కొన్నది ఎవరు, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. ఉత్తరాన అర్మా కౌంటీలో క్రాస్‌మగ్లెన్ రేంజర్స్‌కి 1970లలో బ్రిటిష్ ఆర్మీ గ్రౌండులో కొంత ఆక్రమించి పక్కనే బేస్ పెట్టింది, ఆ ఊరికి గ్రౌండు చరిత్రే క్లబ్ చరిత్ర, అదే క్లబ్ తర్వాత 1997 నుంచి 2012 లోపు ఆరుసార్లు ఆల్ ఐర్లాండ్ క్లబ్ టైటిల్ కొట్టింది.

ఆడవాళ్ళ పేర్లు కాయితాల్లో దొరకవు, ఇది ముందే తెలుసుకోండి. లేడీస్ గేలిక్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టింది 1974లో, అదే థర్లెస్‌లో అదే హోటల్లో. అంతకుముందు తొంభై ఏళ్ళు జెర్సీలు ఉతికింది, టీ కాచింది, డాన్సులు పెట్టి డబ్బు పోగేసింది వీళ్ళే, మినిట్స్‌లో మాత్రం "లేడీస్ కమిటీకి థాంక్స్" అన్న ఒక్క లైను ఉంటుంది. కాబట్టి ప్రతి ఇంటర్వ్యూలో పేరు పెట్టి అడగండి, ఎవరు ఉతికారు, ఎవరింటి వంటింట్లో శాండ్‌విచ్‌లు చేశారు. మా పుస్తకంలో ఆ పేర్లు 43 దొరికాయి, ప్లేయర్ల లిస్టుకి పెట్టిన అక్షరం సైజులోనే వేయించాం.

రాసేటప్పుడు స్కోర్లు, కమిటీల లిస్టులు అన్నీ చివర టేబుల్స్‌లో పెట్టెయ్యండి, కథ మధ్యలో అంకెలు కుక్కకండి. బతికున్నవాళ్ళ గురించి రాసింది వాళ్ళకి చూపించండి, చిన్నపిల్లల ఫొటోలకి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఇప్పటి అండర్-8, అండర్-10 పిల్లల పేర్లు కూడా వెయ్యమని అడగండి, మా దాంట్లో పోలండ్, బ్రెజిల్, నైజీరియా ఇంటిపేర్ల మధ్య మన తెలుగు ఇంటిపేర్లు రెండున్నాయి. స్కానులన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి క్లబ్‌లో, ఒకటి కౌంటీ లైబ్రరీలో. అచ్చయ్యాక నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపడం రూలు, క్రోక్ పార్క్ మ్యూజియం లైబ్రరీకి కూడా పంపండి.

పుస్తకం బయటికొచ్చిన రోజు నుంచి క్లబ్‌హౌస్‌లో ఒక నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను పెట్టండి, తప్పులు చెప్పేవాళ్ళు వస్తారు, రావాలి కూడా. మా 1956 ఫొటోలో వెనక వరసలో ఎడమ నుంచి మూడో అబ్బాయి కింద "పేరు తెలియదు" అని వేశాం, రెండేళ్ళు అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. పుస్తకం వచ్చిన పదో రోజున బర్మింగ్‌హామ్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది, మనవరాలు ఎవరో కాపీ తెచ్చి ఇచ్చిందట. "ఆడు మా తమ్ముడమ్మా" అంది, "ఆ జెర్సీ వాడిది కాదు, అప్పు తెచ్చుకున్నాడు, పక్క వారమే పడవెక్కాడు." నోట్‌బుక్ మొదటి పేజీలో మొదటి లైను ఆ పేరే.